సూదిని చూస్తే కళ్లు తిరిగేవారికి

శ్రోతలకు నమస్కారం.

షుగరు పరీక్షకు రక్తం ఇవ్వమంటే నెలల తరబడి వాయిదా వేసేవాళ్లు చాలా ఇళ్లలో ఉంటారు. సూది కనబడగానే చెమటలు పడతాయి, కొందరు అక్కడికక్కడే స్పృహ తప్పుతారు. "ఇంత వయసొచ్చాక చీమ కుట్టినంత నొప్పికి భయమా?" అని పక్కవాళ్లు నవ్వుతారు. దయచేసి నవ్వకండి. అది పిరికితనం కాదు, ఫోబియా. అంటే మన అదుపులో లేని తీవ్రమైన భయం.

పామునో, ఎత్తునో చూసి భయపడేవారికి గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. రక్తం, సూదుల భయంలో మాత్రం చాలామందికి అవి ముందు పెరిగి, ఆ వెంటనే పడిపోతాయి. మెదడుకు రక్తం తగ్గి కళ్లు తిరుగుతాయి. ఒకే కుటుంబంలో పలువురికి ఈ తీరు ఉండడం మామూలే.

దీనికి స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ గోరన్ ఓస్ట్ 1980లలో ఒక సాధనను రూపొందించారు. కుర్చీలో కూర్చుని చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను గట్టిగా బిగించాలి. 10, 15 సెకన్లలో ముఖం వెచ్చబడుతుంది. అప్పుడు వదిలి, అర నిమిషం ఆగి మళ్లీ బిగించాలి. ఇలా ఐదుసార్లు. రక్తపోటు పడిపోకుండా ఇది ఆపుతుంది. సూది గుచ్చే చేతిని మాత్రం వదులుగా ఉంచాలి. గర్భిణులు, గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి.

ఇక అసలు భయం సంగతి. పరీక్ష మానేసి ఇంటికి వచ్చేస్తే ఎంత హాయిగా ఉంటుందో! ఆ హాయే భయాన్ని పెంచి పోషిస్తుంది. అందుకే మానసిక చికిత్స చేసే థెరపిస్టు మనల్ని మెల్లమెల్లగా సూదికి దగ్గర చేస్తారు. మొదట సూది బొమ్మ, తర్వాత బల్లమీద సిరంజి, ఆపైన దాన్ని చేత్తో పట్టుకోవడం, చివరికి రక్తం ఇవ్వడం. ఒక మెట్టు మీద భయం తగ్గాకే పై మెట్టు. 1924లోనే అమెరికాలో మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్, కుందేలంటే భయపడే పీటర్ అనే చిన్నవాడికి ఇష్టమైన తినుబండారాలు పెడుతూ, కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చి ఆ భయం పోగొట్టారు. బలవంతంగా ఒళ్లో పెట్టలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. "అన్నం తినకపోతే ఇంజెక్షన్ వేయిస్తా" అని పిల్లలను బెదిరించకండి. టీకా వేయించేటప్పుడు "నొప్పే ఉండదు" అని అబద్ధమూ చెప్పకండి.

రక్తం ఇచ్చే ముందు నర్సుకు మీ భయం గురించి చెప్పి, పడుకుని ఇస్తానని అడగండి. థెరపీ ఎక్కడ దొరుకుతుందో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ఉచితం. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.