బుల్గోగి శాండ్‌విచ్: మొదటిసారి పులుసైంది, ఈసారి కుదిరింది

అందరికీ నమస్తే అండీ. వెనకాల హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి, మా వంటింటి కిటికీ చెన్నై పోరూర్‌లో మెయిన్ రోడ్డు వైపే ఉంటుంది. ఇటు నుంచి పడమరగా పోతే శ్రీపెరుంబుదూర్ వస్తుంది. ఆ దారిలోనే ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ ఫ్యాక్టరీ ఉంది, 1998 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. ఆ కంపెనీ వెంట కొరియా వాళ్ళొచ్చారు, వాళ్ళ వెంట వాళ్ళ హోటళ్ళూ సరుకుల కొట్లూ వచ్చాయి. అందుకే చెన్నైలో గోచుజాంగ్, అంటే కొరియా వాళ్ళ మిరప ముద్ద, డబ్బా కోసం మరీ అంత వెతుక్కోనక్కర్లేదు.

ఇవాళ చేసేది బుల్గోగి శాండ్‌విచ్. బుల్ అంటే నిప్పు, గోగి అంటే మాంసం. కొరియాలో ఎక్కువగా బీఫ్‌ని పల్చగా కోసి చేస్తారు. చికెన్‌తోనూ చేస్తారు, దాన్ని దాక్ బుల్గోగి అంటారు. మా ఇంట్లో చికెనే కాబట్టి మనం అదే చేద్దాం.

పోయిన నెల మొదటిసారి చేసి, గొప్పగా తెనాలిలో ఉన్న అమ్మకి వీడియో కాల్‌లో చూపించా. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, "పులుసు బాగానే ఉందే, అన్నం వండావా?" అంది. తప్పు నాదే. నానబెట్టిన ముక్కలన్నీ రసంతో సహా ఒక్కసారే పెనంలో కుమ్మరించేశా. అవి వేగలేదు, ఉడికాయి. బ్రెడ్డు తడిసి చేతిలోనే జారిపోయింది. ఈ వంటకి శత్రువు నీరండీ. అది గుర్తుంటే చాలు, మిగతాదంతా తేలికే.

400 గ్రాముల బోన్‌లెస్ లెగ్ పీసులు తీసుకున్నా. బ్రెస్ట్ వద్దు, పిడచకట్టిపోతుంది. ముప్పావు గంట ఫ్రీజర్‌లో పెట్టండి. పూర్తిగా గడ్డకట్టకూడదు, వేలితో నొక్కితే కాస్త గట్టిగా తగలాలి. అప్పుడు కత్తికి జారకుండా పల్చగా తెగుతుంది.

ఇక నానబెట్టడం. సోయా సాస్ 3 టేబుల్ స్పూన్లు, పంచదార ఒకటిన్నర, వెల్లుల్లి 6 రెబ్బలు దంచి, అర ఉల్లిపాయ తురుము, మిరియాల పొడి. ఉప్పు వేయకండి, సోయా సాస్‌లో ఉన్నదే ఎక్కువ. కొరియా వాళ్ళు ఇందులో వాళ్ళ పియర్ పండు తురిమి వేస్తారు. దాంతో తీపి వస్తుంది, మాంసమూ మెత్తబడుతుంది. మన పెళ్ళి వంటల్లో మటన్‌కి పచ్చి బొప్పాయి పట్టిస్తారు చూడండి, అదే పని. కానీ పల్చటి చికెన్‌కి బొప్పాయి వేస్తే ముద్దయిపోతుంది, నేను మార్కెట్లో దొరికే పియర్ సగం తురిమా. అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, పసుపు... చెయ్యి అటే పోతుంది, నాకు తెలుసు. ఆపుకోండి.

ఇంకో మాట, ఇందులో వేసే నువ్వుల నూనె గురించి. ఇక్కడ నల్లెణ్ణై అని అమ్మేదీ, మన ఊళ్ళో గానుగ నూనే, రెండూ పచ్చి నువ్వుల నుంచి తీసినవే. కొరియా వాళ్ళు నువ్వుల్ని బాగా వేయించి తీస్తారు, అందుకే అది ముదురు రంగులో, చుక్క వేస్తేనే ఘుమఘుమలాడుతుంది. ఆ సీసా లేకపోతే మన నూనే ఒక స్పూను వేసి, రెండు స్పూన్ల నువ్వులు ఎర్రగా వేయించి దంచి కలపండి. అచ్చం అదే కాదు గానీ, వాసన దగ్గరగానే వస్తుంది.

గంట నానాక జల్లెడలో వేసి రసం వార్చేయండి. ఇనప పెనం పొగలొచ్చేదాకా కాలనివ్వండి. ముక్కల్ని కొన్ని కొన్నిగా, ఒకదాని మీద ఒకటి పడకుండా పరవండి. ఈ చప్పుడు వినండి... చుయ్యిమంటోందా? అది బుడబుడగా మారిందంటే నీరు ఊరుతోందని అర్థం, ముక్కలు తగ్గించండి. కదపకండి. అడుగున పంచదార మాడీ మాడనట్టు నల్లటి అంచు కట్టాక తిప్పండి. లోపల గులాబీ రంగు లేకుండా ఉడకాలి. చివర్లో ఉల్లికాడలు.

కూరగాయలదేముంది, కీరా, క్యారెట్ సన్నగా తరిగి ఉప్పు, పంచదార, వెనిగర్‌లో ఓ పావుగంట ఉంచి గట్టిగా పిండేయండి. క్యాబేజీ మాత్రం పచ్చిదే.

గోచుజాంగ్ అంటే మిరపపొడి, జిగురు బియ్యం, పులియబెట్టిన సోయా కలిపి ఊరబెట్టిన ముద్ద. మన కొరివికారం అనుకుని గరిటెతో వేయకండి, ఇందులో కారం వెనక తీపి ఉంటుంది. ఒక స్పూనుకి మూడు స్పూన్ల మయోనైజ్ కలిపా. బ్రెడ్డుని వెన్నతో రెండు వైపులా కాల్చి, దీన్ని అంచులదాకా పూయండి, తడి లోపలికి దిగదు. క్యాబేజీ, చికెన్, పైన కీరా, క్యారెట్.

కోస్తున్నా చూడండి... కరకర. కింద చుక్క కూడా కారలేదు!

ఉండండి, అమ్మ ఫోను. కెమెరా ఇటు తిప్పుతున్నా. చూడమ్మా, పులుసేమైనా ఉందా? ... ఏంటీ?

పసుపు వేయడం మర్చిపోయానట.