ఇరావడీ ఏమిటి, అది మన విశాఖ డాల్ఫిన్!

నమస్కారం. బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు ఉపోద్ఘాతం ఏమీ లేదు. పోయిన వీడియో కింద మీరు రాసిన తిట్లు చదివాక రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. ఒడిశాలోని చిలికా సరస్సులో, సతపడ దగ్గర, సాయంత్రం పూట పడవలు 'ఇరావడీ' అనే రకం డాల్ఫిన్లను తరుముతున్నాయని అన్నాను. "పడవవాళ్ల పొట్ట కొడతావా" అని సగం మంది. "బర్మా చేప మీద నీకు అంత ప్రేమ ఏమిటి" అని తక్కిన సగం మంది. మొదటి మాటకు జవాబు తరువాత చెబుతాను. ఆ రెండో మాట ఉంది చూశారూ, దానికి ఒళ్లు మండింది.

చేప కాదు, పిల్లలకు పాలిచ్చే జంతువు. సరే, అది వదిలేయండి. బర్మా ఏమిటండీ బర్మా? దాని పుట్టుక నమోదైన ఊరు విశాఖపట్నం!

అవును, మళ్లీ చెబుతున్నాను, విశాఖపట్నం. ఈ జాతిని లోకానికి పరిచయం చేసిన మొట్టమొదటి నమూనా 1852లో విశాఖ రేవులో దొరికింది. ఇప్పటి పెద్ద హార్బరును ఊహించుకోకండి, అది 1933లో వచ్చింది. అప్పట్లో ఉత్తర సర్కారులకు కమిషనరుగా వాల్టర్ ఇలియట్ అనే దొర ఉండేవాడు. పేరు విన్నట్టుందా? అమరావతి స్తూపాన్ని తవ్వించిన దొర ఆయనే. ఆ శిల్పాలు లండను మ్యూజియానికి చేరి 'ఇలియట్ మార్బుల్స్' అయ్యాయి. మన రాళ్లూ పోయాయి, మన డాల్ఫినూ పోయింది, రెండింటి వెనకా ఒకే దొర! ఆయన సేకరించిన వాటిని పరిశీలించి 1866లో శాస్త్రీయంగా వర్ణించినవాడు రిచర్డ్ ఓవెన్. 'డైనోసార్' అనే మాటను పుట్టించిన ఓవెనే. ముక్కు పొట్టిగా ఉందని 'బ్రెవిరోస్ట్రిస్' అన్నాడు. ఆ మాట నేటికీ దాని శాస్త్రీయ నామంలో ఉంది.

మరి బర్మా ఎక్కడి నుంచి వచ్చింది? తరువాత కలకత్తా మ్యూజియం అధికారి జాన్ ఆండర్సన్ బర్మాలోని ఇరావతి నదిలో, అంటే ఇంగ్లీషువాళ్ల 'ఇరావడీ'లో, ఉన్నవాటిని చూసి ఇది వేరే జాతి అని రాశాడు. వేరే కాదు, రెండూ ఒకటే అని చివరికి తేలింది. జాతి విషయంలో ఆయన మాట వీగిపోయింది, నది పేరు మాత్రం అతుక్కుని కూర్చుంది. అద్దెకు వచ్చినవాడి పేరు ఇంటి గుమ్మం మీద చెక్కినట్టుంది ఈ వ్యవహారం! ఆస్ట్రేలియావాళ్లను చూడండి. తమ తీరంలోవి వేరే జాతి అని 2005లో నిరూపించి, వేరే పేరు పెట్టుకున్నారు. మనం మాత్రం పత్రికల్లో 'ఇరావడీ' అని నోరు తిరగకుండా చదువుకుంటున్నాం.

పేరులో ఏముంది అంటారా? నా సిద్ధాంతం వినండి, నవ్వు వస్తే నవ్వుకోండి. మన పులస చేపనే చూడండి. సముద్రంలో ఉన్నంతసేపూ అది ఇలస. గోదావరిలోకి ఎదురీదితే పులస. పుస్తెలమ్మి అయినా తినాలనేది పులసను, ఇలస కోసం ఎవరూ చెవి పోగు కూడా తాకట్టు పెట్టరు. నది నీటి రుచి అంటారు, ఉండవచ్చు, గోదావరి జిల్లాలవాళ్లతో గొడవ నాకు వద్దు. కానీ పేరుతో మమకారం వస్తుందన్నది మాత్రం ఖాయం. దీనిని విశాఖ డాల్ఫిన్ అని పిలిచి ఉంటే, పడవలో లేచి నిలబడి "ఇంకా దగ్గరికి పోనీ, ఇంకా దగ్గరికి" అని అరిచే తెలుగువాడు ఒక్కడూ ఉండేవాడు కాదు.

అరిచాడు కాబట్టే చెబుతున్నాను. అరిచినవాడు మా బావ. గాజువాక నుంచి సంక్రాంతికి వచ్చాడు.

పాలూరు మీదుగా వెళ్లి, జనికుడ దగ్గర కారును పంటు ఎక్కించి సతపడలో దిగాం. రేవు దగ్గర ఒక బోర్డు. దాని మీద నీలి సముద్రంలోంచి నిలువెత్తు ఎగిరి గంతేస్తున్న డాల్ఫిన్, వెనక ఎర్రటి సూర్యుడు. ఆ బొమ్మలో ఉన్నది పొడుగు మూతి డాల్ఫిన్. మన దానికి మూతే లేదు, తల గుండ్రంగా ఉంటుంది. అలా ఎగిరి గంతులు వేసే రకమూ కాదు, బిడియస్తురాలు. అంటే మోసం టిక్కెట్టు కొనకముందే మొదలైంది!

సూర్యుడి సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. మన తూర్పు తీరాన సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ అందులోకి దిగడు. గోపాల్‌పూర్‌లో సాయంత్రం సముద్రం వైపు ఫోను పట్టుకుని కూర్చునేవాళ్లను చూస్తుంటాను, సూర్యుడేమో వాళ్ల వీపు వెనక ఊరి మీద దిగిపోతుంటాడు. చిలికా ఒడ్డున ఉన్న రంభ అనే ఊళ్లోనూ అంతే, సరస్సు తూర్పున, కొండలు వెనక. సతపడ ఒక్కటే నయం, అక్కడ సరస్సు పడమటి వైపు ఉంటుంది.

అయిదు గంటలకు పడవ కదిలింది. డీజిల్ ఇంజను, పొడుగాటి ఇనుప కడ్డీ చివర పంకా. పక్కవాడి మాట వినపడదు. ఇరవై నిమిషాలకు నీటి మీద ఒక బూడిదరంగు వీపు తేలింది. నూనె రాసిన సన్నికల్లు పొత్రంలా నున్నగా ఉంది, మీద చిన్న ముక్కోణపు రెక్క. అంతే, ఎక్కడెక్కడి పడవలూ అటే తిరిగాయి. ఆరు లెక్కపెట్టాను. మా బావ లేచాడు, అరిచాడు. అది మునిగింది.

ఒక్కసారి ఆలోచించండి. చిలికాలో చాలా చోట్ల నీళ్లు మనిషి లోతుకు కాస్త అటూ ఇటూ. బురద నీళ్లు, కంటికి ఏమీ ఆనదు. అది టకటకమని శబ్దం చేసి, దాని ప్రతిధ్వనిని బట్టి చేపను వెతుక్కుంటుంది. ఆరు డీజిల్ ఇంజన్లు దాని నెత్తిన మోగుతుంటే ఆ ప్రతిధ్వని ఏమి వినపడుతుంది? ఆ పంకా తగిలితే? సరస్సు మొత్తంలో ఉన్నవి సుమారు 150. 2000లో సరస్సుకు సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వారు, ఉప్పునీళ్లు మళ్లీ వచ్చాయి, చేపలూ వచ్చాయి. అంత శ్రమపడి కాపాడుకున్నది మా బావ ఫోటో కోసమా?

ఇంజను ఆపమని సరంగును ఒడియాలో బతిమాలాను. ఆయన చెప్పింది మీకు జవాబు: "ఆపితే నాకూ డీజిల్ మిగులుతుంది బాబూ. కనపడలేదని దిగేటప్పుడు డబ్బు వెనక్కి అడిగేది మీరే కదా." విన్నారా? పొట్ట కొడుతున్నది నేనా, బోర్డు మీది బొమ్మ చూసి బేరమాడే మనమా?

డబ్బు అడగనని ఒట్టు వేశాక ఆపాడు. మిగతా పడవలు ఇంకోచోటికి పరుగెత్తాయి. అయిదున్నర దాటింది, పడమట కొండల వెనక ఎరుపు తగ్గుతోంది. అప్పుడు వినపడింది, 'ఫుస్' అని, ప్రెషర్ కుక్కరు మీద వెయిటు కాస్త ఎత్తినట్టు. కుడివైపు ఒకటి. కాసేపటికి దాని వెనకే ఇంకో చిన్న 'ఫుస్'. తల్లీ పిల్లా. మా బావ ఫోను జేబులో పెట్టేశాడు. నా దగ్గరా వీడియో లేదు, అందుకే ఈ రోజు నా మొహమే చూపిస్తున్నాను.

తిరుగు దారిలో ఈ విశాఖ కథంతా మేనకోడలికి చెప్పాను. సెలవులయ్యాక అది బడిలో డాల్ఫిన్ బొమ్మ వేసి, కింద 'విశాఖ డాల్ఫిన్' అని రాసిందట. టీచరు ఎర్ర సిరాతో కొట్టేసి, 'ఇరావడీ' అని దిద్ది, అర మార్కు తగ్గించారు. ఆ అర మార్కు వెనక్కి రావాలి. ఈ వీడియో మీకు తెలిసిన టీచర్లందరికీ పంపండి, ఎవరో ఒకరు ఆవిడే అయి ఉంటారు.