దవడ నొప్పికి బొటాక్స్ ఇంజెక్షనా? నా అనుభవం, డాక్టర్‌ని అడిగి తెలుసుకున్నవి

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఈ వారం వ్లాగ్‌లో టూర్లు లేవు, షాపింగులు లేవు. మొత్తం నా దవడ గురించే. నవ్వకండి, నిజం. పోయిన వీడియోలో మాట్లాడుతూ మాట్లాడుతూ చెంప పట్టుకుంటున్నానని, పన్ను నొప్పా అని చాలామంది అడిగారు. పన్ను కాదండీ. చెవికి ముందు ఉండే దవడ కీలు, దాన్ని ఆడించే కండరాలు. వాటికోసం కండరాన్ని సడలించే ఇంజెక్షన్ చేయించుకున్నాను. అందరికీ తెలిసిన పేరు చెప్పాలంటే బొటాక్స్.

ఆ మాట ఫోన్‌లో చెప్పగానే మా పెద్దమ్మ, "ఏమే, ఇప్పుడే ముడతలొచ్చాయా నీకు?" అంది. ఆవిడనేముంది, నేను కూడా మొదట అలాగే అనుకున్నాను. కానీ ఈ మందు అందం కోసం పుట్టింది కాదు. 1970ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆలన్ స్కాట్ అనే కంటి డాక్టర్ మెల్లకన్ను సరిచేయడానికి దీన్ని పరీక్షించడం మొదలుపెట్టారు. 1989లో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ మొదటిసారి అనుమతి ఇచ్చింది కూడా మెల్లకన్నుకి, కనురెప్పలు వాటంతట అవే గట్టిగా మూసుకుపోయే జబ్బుకి. కనుబొమల మధ్య ముడతలకి 2002లో, దీర్ఘకాలిక మైగ్రేన్‌కి 2010లో ఇచ్చారు. దవడ నొప్పికి మాత్రం ఎఫ్‌డీఏ అనుమతి లేదు. డాక్టర్లు 'ఆఫ్ లేబుల్'గా, అంటే అనుమతి పత్రంలో లేని అవసరానికి తమ విచక్షణతో వాడుతున్నారు. అది దొంగతనంగా చేసే పని కాదు, వైద్యంలో మామూలే. కాకపోతే ఆ సంగతి తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియకుండా కుర్చీలో కూర్చోవడం వేరు.

సరే, అసలు నొప్పి ఎక్కడ? చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. లోపల ఏదో కదులుతున్నట్టు తెలుస్తుంది కదా, అదే కీలు. తలుపు బందులాగా తిరగడమే కాదు, నోరు బాగా తెరిస్తే ముందుకు జారుతుంది కూడా. రెండు ఎముకల మధ్య ఒక చిన్న మెత్తటి డిస్క్ ఉంటుంది. ఇప్పుడు పళ్లు గట్టిగా బిగించండి. చెంప వెనక భాగంలో ఉబ్బేది మాసెటర్ కండరం. కణత దగ్గర కదిలేది టెంపొరాలిస్. నమలడానికి బలమంతా ముఖ్యంగా ఈ రెండింటిదే. వీటికి తోడు లోపలివైపు ఇంకో రెండు ఉంటాయి, బయటి నుంచి చేతికి అందవు.

నా డాక్టర్ మొదట తేల్చుకున్నది ఇదే: నొప్పి కీలులోనా, కండరంలోనా? నాకు పొద్దున లేవగానే చెంపలు బిగుసుకుపోయి ఉండేవి, కణతల్లో తలనొప్పి, చెంప నొక్కితే ప్రాణం పోయేది. ఇవి ఎక్కువగా కండరం లక్షణాలు. కీలులో డిస్క్ పక్కకి జరిగితే టక్కుమని శబ్దం రావచ్చు, ఒక్కోసారి నోరు సగంలో ఆగిపోవచ్చు. ఒక్క శబ్దమే ఉండి నొప్పి లేకపోతే సాధారణంగా వైద్యమే అక్కర్లేదట. ఈ ముక్క వినగానే సగం టెన్షన్ తగ్గింది నాకు, ఎందుకంటే నా ఎడమ దవడ ఎప్పటినుంచో టక్కుమంటూనే ఉంది. అదే నోరు తెరుచుకోకుండా పట్టేసినా, తెరిచిన నోరు మూతపడకపోయినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇంజెక్షన్ సరిచేసేది కండరం బిగువుని. జరిగిన డిస్క్‌ని వెనక్కి తేదు, అరిగిన కీలుని బాగుచేయదు. మన నొప్పి ఏ రకమో తెలియకుండా దీనికి వెళ్తే ఊరికే సూదులు పొడిపించుకున్నట్టే.

నాది కండరం బిగుసుకోవడమే. కారణం వెతుక్కోవడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. పగలంతా స్క్రీన్ ముందు, రాత్రి వేరే టైమ్ జోన్ వాళ్లతో మీటింగ్, అది అయ్యాక ఇంటివాళ్లతో ఫోన్. ఇంత మధ్యలో పళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూనే ఉంటాయి, మనకి తెలియదు. ఊరికే ఉన్నప్పుడు పెదవులు కలిసి ఉండాలి, పళ్లు మాత్రం తగలకూడదు. ఇప్పుడు ఇది వింటూ మీ పళ్లు ఎలా ఉన్నాయో చూసుకోండి. ఆ, విడదీశారు కదా!

నిద్రలో పళ్లు కొరకడం వేరే కథ. అది మన చేతిలో ఉండదు. కొన్ని డిప్రెషన్ మందుల వల్ల కూడా రావచ్చు, నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉన్నవాళ్లలో కూడా కనిపిస్తుంది. మీరు మందులు వాడుతున్నా, గురక బాగా పెడుతున్నా డాక్టర్‌కి ముందే చెప్పండి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపేయకండి.

ఇంజెక్షన్ దాకా నేరుగా వెళ్లలేదు నేను. మొదట ఫిజియోథెరపీ, దవడ వ్యాయామాలు, వేడి కాపడం, రాత్రి పళ్లకి పెట్టుకునే గార్డ్. 2023లో బీఎంజే అనే వైద్య పత్రికలో దీర్ఘకాలిక దవడ నొప్పి గురించి మార్గదర్శకాలు వచ్చాయి. అందులో గట్టిగా సిఫారసు చేసినవి దవడ వ్యాయామాలు, కండరాన్ని చేత్తో సడలించే చికిత్స, ఆలోచన అలవాట్ల మీద పనిచేసే సీబీటీ థెరపీ లాంటివి. బొటాక్స్‌ని మాత్రం మామూలుగా వద్దులే అనే వైపు పెట్టారు. పూర్తి నిషేధం కాదు, షరతులతో 'వద్దు'. వీడియో బొటాక్స్ మీద చేస్తూ ఇది దాచిపెట్టడం నాకు నచ్చదు. కొన్ని అధ్యయనాల్లో బాగా పనిచేసింది, కొన్నింట్లో మందు లేని ఉత్త ఉప్పునీటి ఇంజెక్షన్‌కీ దీనికీ పెద్ద తేడా కనిపించలేదు. వ్యాయామాలతో నాకు కొంత తగ్గింది, కానీ కణతల నొప్పి మొండికేసింది. అందుకే ఇంతదాకా వచ్చాను.

ఇంజెక్షన్ రోజు కెమెరా లోపలికి తీసుకెళ్లలేదు, కాబట్టి చెప్తాను వినండి. డాక్టర్ నన్ను పళ్లు బిగించమని కండరం అంచులు తడిమి చుక్కలు పెట్టుకున్నారు. సన్నటి సూదితో రెండు చెంపల్లో కొన్ని చోట్ల, కణతల దగ్గర కొన్ని చోట్ల ఇచ్చారు. చురుక్కుమంది, అంతే. మత్తు అక్కర్లేదు. కొద్ది నిమిషాల్లో అయిపోయింది. మోతాదుని యూనిట్లలో లెక్కేస్తారు. బొటాక్స్ యూనిటూ, ఇదే రకం మందులో ఇంకో బ్రాండ్ అయిన డిస్పోర్ట్ యూనిటూ ఒకటి కాదు, ఆ అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఒక దేశంలో చేయించుకుని తర్వాతిది ఇంకో దేశంలో చేయించుకునే మనలాంటి వాళ్లు బ్రాండ్ పేరు, ఏ కండరంలో ఎన్ని యూనిట్లు అన్నది కాగితం మీద రాయించుకోవాలి. నేను రాయించుకున్నాను.

తర్వాత కొన్ని గంటలు చెంప రుద్దకూడదు, పడుకోకూడదు, ఆ రోజుకి జిమ్ వద్దు అన్నారు. మందు పక్క కండరానికి పాకకుండా ఉండాలని ఈ జాగ్రత్తలు.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే ఏమీ తేడా లేదు. ఉండదు కూడా. ఇది క్లాస్ట్రిడియం బోటులినం అనే బ్యాక్టీరియా తయారుచేసే విషం. అవును, విషమే, అతి తక్కువ మోతాదులో. నరం కండరానికి 'బిగుసుకో' అని చెప్పాలంటే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదలాలి. అలా వదలడానికి నరం చివర స్నాప్-25 అనే ప్రొటీన్ కావాలి. ఈ మందు ఆ ప్రొటీన్‌ని కత్తిరిస్తుంది. కబురు అందక కండరం సడలుతుంది. ఇదంతా జరగడానికి టైమ్ పడుతుంది: రెండు మూడు రోజుల్లో మొదలై, పూర్తి ప్రభావం సుమారు రెండు వారాలకి తెలుస్తుంది. నరం మళ్లీ తన పని మొదలుపెట్టుకుంటుంది కాబట్టి మూడు నాలుగు నెలల్లో ప్రభావం తగ్గిపోతుంది. పళ్లు కొరికే అలవాటు పోదు, కొరికే బలం తగ్గుతుంది.

నా సంగతి చెప్పాలంటే, మొదట తెలిసింది నొప్పి తగ్గడం కాదు, గట్టివి నమలలేకపోవడం. దవడ త్వరగా అలిసిపోయేది. తర్వాత మెల్లగా పొద్దుటి బిగువు పోయింది, కణతల నొప్పి చాలావరకు తగ్గింది. చెంపలు కాస్త సన్నబడ్డాయి. పనిలేని కండరం చిక్కిపోతుంది కదా. పెద్దమ్మ వీడియో కాల్‌లో చూసి, "అదిగో, అందానికే చేయించుకుంది" అని తీర్మానించేసింది. వదిలేశాను.

కొందరికి నవ్వు ఒక పక్కకి లాగొచ్చు, సూది గుచ్చిన చోట కమిలిపోవచ్చు, తలనొప్పి రావచ్చు. ఇవి చాలావరకు తాత్కాలికమే. నాకు ఎక్కువ ఆలోచన తెప్పించింది వేరే ఉంది. జంతువుల మీద చేసిన అధ్యయనాల్లో నమిలే ఒత్తిడి తగ్గాక దవడ ఎముక పలచబడింది. మనుషుల్లో ఫలితాలు ఒకేలా లేవు. అందుకే మూడు నెలలకోసారి అలవాటుగా పొడిపించుకుంటూ పోవడం నాకు ఇష్టం లేదు. ఇక మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. మందు దూరంగా పాకడం అరుదు, కానీ ఈ హెచ్చరికని దాని ప్యాకెట్ సమాచారంలోనే పెద్దగా రాసి ఉంటారు. గర్భంతో ఉన్నవాళ్లకి, పాలిచ్చే తల్లులకి సాధారణంగా ఇవ్వరు. మయస్థీనియా గ్రేవిస్ లాంటి నరాల-కండరాల జబ్బు ఉంటే ముప్పు ఎక్కువ. కొన్ని రకాల యాంటీబయాటిక్స్ దీని ప్రభావాన్ని పెంచుతాయి, కాబట్టి వాడే మందులన్నీ ముందే చెప్పాలి.

ఇన్సూరెన్స్ గురించి ఒక మాట. దవడ పళ్ల ఇన్సూరెన్స్ కిందికి వస్తుందా, మామూలు వైద్యం కిందికి వస్తుందా అని వాళ్లూ వీళ్లూ ఒకరి మీదకి ఒకరు నెట్టుకుంటారు. పైగా ఇది ఆఫ్ లేబుల్. అపాయింట్‌మెంట్‌కి ముందే అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి.

తర్వాతి డోస్‌కి అపాయింట్‌మెంట్ ఇప్పుడే ఇస్తామన్నారు, నేను తీసుకోలేదు. ప్రభావం తగ్గేలోపు వ్యాయామాలు వదలకుండా చేసి, నోరు ఎంత తెరుచుకుంటోందో, నొప్పి ఏ స్థాయిలో ఉందో ఫిజియో దగ్గర చూపించుకుని అప్పుడు ఆలోచిస్తాను. ఆ వ్యాయామాలు ఎలా చేయాలో వచ్చే వీడియోలో మా ఫిజియో చేతే చూపిస్తాను, ఆవిడ ఒప్పుకున్నారు. మీలో ఎవరైనా ఈ ఇంజెక్షన్ చేయించుకుని ఉంటే ఏ కండరంలో ఇచ్చారో, ఎన్నాళ్లు పనిచేసిందో కింద రాయండి. ఉంటానండీ.