36 ఆలౌట్ తర్వాత రవిశాస్త్రి ఇచ్చింది స్పీచ్ ఒక్కటేనా?

నమస్తే అండీ. 2020-21 ఆస్ట్రేలియా టూర్‌లో బ్రిస్బేన్‌లోని గబ్బా మైదానంలో మన టెస్టు జట్టు కొట్టిన గెలుపు మీద ఏ రీల్ చూసినా ఒకటే కథ. అడిలైడ్‌లో తొలి టెస్టులో 36కి కుప్పకూలారు, అప్పటి కోచ్ రవిశాస్త్రి ఓ స్పీచ్ దంచాడు, కుర్రాళ్ల రక్తం మరిగింది, సిరీస్ కొట్టేశారు. వినీ వినీ నాకు చిరాకొచ్చేసింది. ఎందుకంటే మన అకాడమీల్లో చాలామంది కోచ్‌లు ఇదే నిజమనుకుంటున్నారు. ఓడిన పిల్లల్ని కూర్చోబెట్టి పావుగంట ఉపన్యాసం. మర్నాడు మళ్లీ అదే ప్రాక్టీసు, అదే జట్టు.

ఆ 36ని ఒకసారి సరిగ్గా చూద్దాం.

(తెర మీద స్కోర్‌కార్డ్)

2020 డిసెంబర్ 19. ఒక్కరూ రెండంకెల స్కోరు చేయలేదు. హేజిల్‌వుడ్‌కి 8 పరుగులకే 5 వికెట్లు. షమీ చెయ్యి విరిగింది. కెప్టెన్ కోహ్లి ఇంటికెళ్లిపోతున్నాడు. ఇదంతా మీకు తెలుసు. మరి పై రెండు వరుసలు చదివారా? తొలి ఇన్నింగ్స్‌లో మనం 244, ఆస్ట్రేలియా 191. 53 పరుగుల ఆధిక్యం మనదే! రెండు రోజులు మన చేతిలో ఉన్న మ్యాచ్ ఒక్క పూటలో పోయింది.

ఆ రాత్రి సంగతులు హైదరాబాద్‌కి ఆడిన మన అప్పటి ఫీల్డింగ్ కోచ్ ఆర్. శ్రీధర్ తర్వాత అశ్విన్ యూట్యూబ్ ఛానల్‌లో చెప్పారు. కోచ్‌లు కూర్చుని మాట్లాడుకుంటుంటే అర్ధరాత్రి దాటాక కోహ్లి కూడా వచ్చి కలిశాడు. "ఈ 36ని బ్యాడ్జిలా పెట్టుకోండి" అన్నాడట శాస్త్రి. రీళ్లకు ఆ మాట చాలు. నాకు మాత్రం ఆ చర్చల్లోంచి వచ్చిన జట్టు ముఖ్యం. 36కి కూలిన జట్టులోంచి కోహ్లి పోతే ఎవరైనా ఇంకో బ్యాట్స్‌మన్‌ని తెస్తారు. వీళ్లు జడేజాని బరిలోకి దించారు. ఐదో బౌలర్ అండీ! 191కి ఆలౌట్ చేసిన బౌలింగే మన బలం అని నమ్మి, అక్కడే ఇంకో మనిషిని పెట్టారు. రెండో టెస్టు మెల్‌బోర్న్‌లో. ఆస్ట్రేలియా 195, 200కే ఆలౌట్. జడేజా 57 కొట్టి రహానేతో 121 పరుగులు జోడించాడు. అడిలైడ్‌లో 8 వికెట్లతో ఓడాం, ఇక్కడ 8 వికెట్లతోనే గెలిచాం.

తన మీద కోచ్‌కి నమ్మకముందో లేదో ఆటగాడికి తుది జట్టు లిస్టు చూస్తేనే తెలుస్తుంది. అదే లిస్టులోంచి పృథ్వీ షానీ, సాహానీ తీసేశారు కూడా. పాజిటివ్ కోచ్ అంటే ఎవర్నీ నొప్పించనివాడు అనుకునేవాళ్లు ఈ సంగతి మర్చిపోకండి.

ఇప్పుడు మూడో టెస్టు, సిడ్నీ. మన కాకినాడలో పుట్టిన హనుమ విహారికి తొడ కండరం పట్టేసింది, అశ్విన్‌కి నడుం నొప్పి. కుంటుతూనే 40 ఓవర్లకు పైగా నిలబడి మ్యాచ్ డ్రా చేశారు. విహారి 161 బంతుల్లో 23 నాటౌట్. మధ్యలో శాస్త్రి ఏదో చెప్పమని శార్దూల్ ఠాకూర్‌ని పంపాడు. అతను వచ్చి, లోపల ఏవేవో అంటున్నారు, నేనేమీ చెప్పను, బాగా ఆడుతున్నారు, ఇలాగే ఆడండి అని వెళ్లిపోయాడు! కోచ్ మాటను పన్నెండో ఆటగాడు దారిలోనే ఆపేసే చనువున్న డ్రెస్సింగ్ రూమ్ అది. నాకు ఈ సిరీస్ మొత్తంలో దీన్ని మించిన ఘట్టం లేదు.

టైమ్ అయిపోతోంది, గబ్బా గబగబా చెప్పేస్తాను. 36 నాటి పదకొండు మందిలో ఇక్కడ ఆడింది ముగ్గురే: పుజారా, రహానే, మయాంక్. నెట్ బౌలర్లుగా ఆగిపోయిన సుందర్, నటరాజన్ టెస్టు అరంగేట్రం చేసేశారు. తండ్రి పోయినా అక్కడే ఉండిపోయిన సిరాజ్, రెండు టెస్టుల అనుభవంతో పేస్ దళాన్ని నడిపి 73 పరుగులకు 5 వికెట్లు తీశాడు. లక్ష్యం 328, మూడు వికెట్ల తేడాతో గెలుపు. 1988 తర్వాత ఆస్ట్రేలియా అక్కడ ఓడిన మొదటి టెస్టు.

సిరాజ్‌ని హైదరాబాద్ రంజీ జట్టులో ఉన్నప్పటి నుంచీ చూసింది విజయవాడలో పుట్టిన భరత్ అరుణ్, మన అప్పటి బౌలింగ్ కోచ్. ఆయన పని మీద పూర్తి వీడియో చేస్తాను. అందాకా మీ అకాడమీలో పెద్ద ఓటమి తర్వాత కోచ్ జట్టులో ఏం మార్చారో కింద రాయండి.