పాత నూలు చీర ఎన్నాళ్లు వస్తుంది?

దృశ్యం: వంటింటి అటక. ఖాళీ డబ్బాలు, సీసాలు, సంచుల్లో కుక్కిన సంచులు.

వ్యాఖ్యాత: ఇది మా ఇంటి అటక. ఎప్పటికైనా పనికొస్తాయని దాచినవే ఇవన్నీ. సగం వాటిని పైకెక్కించాక మళ్లీ ముట్టుకున్నదే లేదు.

ప్లాస్టిక్ సీసాను కోసి, రంగు పూసి, చెమ్కీలు అంటించి పూలకుండీ చేయడం ఈ వీడియోలో ఉండదు. దాని మోజు తీరాక పాత సామాన్లు కొనేవాళ్లు కూడా తీసుకోవడానికి ఇష్టపడరు. రంగూ జిగురూ కలిసిన ప్లాస్టిక్‌ను కరిగించి మళ్లీ వాడడం కష్టం. ఉత్త సీసాగా ఇస్తేనే నయం. మన సరుకు ఈ రోజు ఒక్కటే: పాత నూలు చీర.

దృశ్యం: చీర మీద పడుతున్న నీటి చుక్క.

వ్యాఖ్యాత: అసలు అది నూలో కాదో ముందు తేల్చుకోవాలి. పలుమార్లు ఉతికిన నూలు బట్ట నీటి చుక్కను వెంటనే పీల్చుకుంటుంది. పాలియెస్టర్ మీద ఆ చుక్క కాసేపు పూసలా నిలుస్తుంది. ఇంకా అనుమానముంటే ఒక పోగు లాగి, స్టీలు పళ్లెంలో పెట్టి వెలిగించండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. అలాంటి చీరను మసిగుడ్డ చేసి వేడి గిన్నె దించితే ఆ కరిగేదేదో మీ వేళ్ల మీదే కరుగుతుంది.

దృశ్యం: నేల మీద పరిచిన చీరలు. పెద్ద సూది, దారం.

వ్యాఖ్యాత: ఇక బొంత. ఐదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే సుమారు ఆరడుగుల పొడవు వస్తుంది. చీర వెడల్పే బొంత వెడల్పు. రెండు చీరలకు ఆరు పొరలు, ఒక మనిషికి సరిపోయే బొంత. జరీ అంచు ఉంటే ముందే కత్తిరించండి, ఒంటికి గుచ్చుకుంటుంది. చీర ఎక్కువగా చిరిగేది కాళ్ల దగ్గర అంచున, కూర్చునే చోట. ఆ భాగాలు లోపలి పొరల్లోకి పోయేలా, గట్టిగా ఉన్న బట్ట పైకి వచ్చేలా మడవండి.

చుట్టూ నాలుగు అంచులూ ముందు కుట్టాలి. తరువాత రెండు వేళ్ల ఎడంతో బారుగా వరుసలు. తొందరపడి ఎడం పెంచితే మొదటి ఉతుకుకే లోపలి పొరలు ఒక మూలకు జారి ముద్దకడతాయి. మా మొదటి బొంత గతి అదే. దారం నూలుదే వాడండి, నైలాన్ వద్దు. ఎందుకో చివర్లో చెబుతాను.

దృశ్యం: డాబా మీద ఎండ. తడి బట్ట మీద వడియాలు.

వ్యాఖ్యాత: బొంతకు చాలని చీర ఉంటే వేసవిలో వడియాలకు వాడుకోవచ్చు. బట్టను తడిపి పరిచి పెడతారు. ఎండాక వెనకవైపు నీళ్లు చిలకరిస్తే వడియం విరగకుండా ఊడి వస్తుంది. ప్లాస్టిక్ పట్టా మీద అడుగు తొందరగా ఆరదు. ఆవకాయ జాడీకి వాసెన కట్టేదీ ఇలాంటి ముక్కతోనే. అన్నట్టు, గారెల నూనె పీల్చడానికి వార్తాపత్రిక వేసే అలవాటు మానండి. సిరాలోని రసాయనాలు తిండిలోకి దిగుతాయని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2023లోనూ హెచ్చరించింది. ఉతికిన నూలు గుడ్డ ఉండగా ఆ కాగితం ఎందుకు?

దృశ్యం: నల్లబడ్డ రాగి చెంబు.

వ్యాఖ్యాత: చారుకు పిసికిన చింతపండు పిప్పిలో పులుపు ఇంకా మిగిలే ఉంటుంది. చిటికెడు ఉప్పు చేర్చి రుద్దితే రాగి మీది నల్లటి పొర ఆ ఆమ్లంలో కరిగిపోతుంది. కడిగిన వెంటనే పొడి గుడ్డతో తుడవకపోతే మచ్చలు పడతాయి. ఆ గుడ్డ ఎక్కడిదో మీకు తెలుసు.

దృశ్యం: పందిరి. చిక్కుడు తీగ.

వ్యాఖ్యాత: చిన్న పేలికలతో తీగను పందిరికి కట్టండి. సుతిలి తాడు లేత కాడను కోస్తుంది, మెత్తటి పేలిక కోయదు.

బొంత చిరిగితే కాళ్లు తుడుచుకునే పట్టా, అదీ పోతే మసిగుడ్డ. అది కూడా నలిగిపోయాక చిన్న ముక్కలు చేసి ఎరువు గుంతలో వేయండి, నూనె జిడ్డు పట్టినవి తప్ప. నూలు మట్టిలో కుళ్లిపోతుంది. నైలాన్ దారంతో కుట్టి ఉంటే బట్ట పోయి, దారం మాత్రం పారకు చుట్టుకుంటుంది.