తోక పట్టుకుని తల అందించే ప్రోటీన్

అందరికీ నమస్కారం.

కొలెస్టరాల్ అనగానే మనకు గుర్తొచ్చేది లిపిడ్ ప్రొఫైల్ కాగితం. రక్తంలో ఎంత తిరుగుతోందో అది చెబుతుంది. కణం లోపలికి వెళ్ళాక ఎక్కడికి చేరిందో చెప్పదు. నీమన్-పిక్ సి అనే జన్యు జబ్బున్న పిల్లలకు ఈ పరీక్ష చేయిస్తే చాలాసార్లు అంకెలు మామూలుగానే ఉంటాయి. కాలేయం, ప్లీహం కణాల్లో మాత్రం కొలెస్టరాల్ గుట్టలుగా పడి ఉంటుంది. ఇవాళ మాట్లాడుకునేది ఆ లోపలి రవాణా గురించి.

కొలెస్టరాల్ అణువులో 27 కార్బన్లు, ఒకే ఒక్క ఆక్సిజన్. ఆ ఆక్సిజన్ ఉన్న హైడ్రాక్సిల్ కొసను తల అందాం. నీటితో పొసిగేది అదొక్కటే. తర్వాత నాలుగు వలయాలు, చివర ఎనిమిది కార్బన్ల తోక. వీటికి నీరంటే పడదు. లీటరు నీటిలో కరిగేది రెండు మిల్లీగ్రాముల లోపే. కణం లోపలంతా నీరే కాబట్టి ఇది తనంతట తాను ఈదుకుంటూ ఎక్కడికీ పోలేదు. పొరతో చేసిన తిత్తిలో కూర్చుని పోవాలి, లేదా ఏదో ఒక ప్రోటీన్ తన జిడ్డు జేబులో పెట్టుకుని మోయాలి. ఈ రెండో దారిలోనే అసలు తమాషా ఉంది.

ముందు భాగం మీకు తెలిసిందే, త్వరగా దాటేస్తాను. రక్తంలో కొలెస్టరాల్‌ని మోసే, సుమారు 22 నానోమీటర్ల ఎల్‌డీఎల్ బంతిలో దాదాపు 1500 కొలెస్టరాల్ ఎస్టర్ (కొవ్వు ఆమ్లం తగిలించిన కొలెస్టరాల్) అణువులు ఉంటాయి. కణం పైనున్న ఎల్‌డీఎల్ రిసెప్టర్ దాన్ని పట్టి లోపలికి లాగుతుంది. ఈ దారిని విప్పి చెప్పిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ఎండోసోమ్‌లో, అంటే లోపలికి లాగిన తిత్తిలో, ఆమ్లత పెరగగానే రిసెప్టర్ పట్టు వదిలేసి పైకి వెళ్ళిపోతుంది. పోయి రావడానికి దానికి పది నిమిషాలు. బంతి మాత్రం కణంలో అరుగుదల జరిగే తిత్తికి, లైసోసోమ్‌కి చేరుతుంది. అక్కడ యాసిడ్ లైపేజ్ ఎస్టర్‌ని కోసి కొవ్వు ఆమ్లాన్ని విడదీస్తుంది. మిగిలింది విడి కొలెస్టరాల్.

ఇప్పుడు దాన్ని లైసోసోమ్ గోడ దాటించాలి. గోడ లోపలి వైపు చక్కెర గొలుసులు దట్టంగా మొలిచి ఉంటాయి, దాదాపు ఎనిమిది నానోమీటర్ల మందాన. కొలెస్టరాల్ నేరుగా గోడను తాకే వీలు లేదు. పని ఇద్దరు పంచుకుంటారు. ఎన్‌పీసీ2 చిన్న ప్రోటీన్, 132 అమైనో ఆమ్లాలు, లైసోసోమ్ ద్రవంలో స్వేచ్ఛగా తిరుగుతుంది. ఎన్‌పీసీ1 పెద్దది, 1278 అమైనో ఆమ్లాలు, గోడలోకి పదమూడుసార్లు కుట్టుకుని ఉంటుంది. దాని మొదటి భాగం ఒక పొడవాటి కాడ మీద చక్కెర పొదను దాటి లోపలికి చాచుకుని ఉంటుంది.

కొడవలి అందించేటప్పుడు మొన మనవైపు ఉంచుకుని పిడి అవతలివాళ్ళకి ఇస్తాం కదా. ఇక్కడా అంతే. ఎన్‌పీసీ2 జేబులో కొలెస్టరాల్ తోక లోపలికి, తల బయటికి ఉంటుంది. ఎన్‌పీసీ1 మొదటి భాగంలో సరిగ్గా తలకిందులు: తల లోపల, తోక వాకిట్లో. రెండు జేబుల మూతులూ ఎదురెదురుగా కలిస్తే అణువు తిరగాల్సిన పని లేకుండా నేరుగా జారిపోతుంది. నీటిని తాకే క్షణమే ఉండదు. ఎన్‌పీసీ2లో 81వ స్థానంలోని వాలీన్‌ని ఆస్పార్టిక్ ఆమ్లంగా మార్చి చూశారు. అది కొలెస్టరాల్‌ని చక్కగా పట్టుకుంటుంది, ఎన్‌పీసీ1కి మాత్రం అందించలేదు. పట్టుకోవడం ఒక నైపుణ్యం, అందించడం వేరే నైపుణ్యం. నా ఉద్దేశంలో ఈ రంగంలో ఇంతకన్నా అందమైన ప్రయోగం తక్కువ. ఎన్‌పీసీ1 చేతికి అందాక, దాని లోపలి సొరంగం గుండా గోడలోకి చేరుతుందని నిర్మాణ చిత్రాలు సూచిస్తున్నాయి.

ఈ రెండిటిలో ఏది చెడినా నీమన్-పిక్ సి వస్తుంది. సుమారు 95 శాతం కేసుల్లో దోషం ఎన్‌పీసీ1 జన్యువుదే. అప్పుడు కణం పరిస్థితి అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టే. లైసోసోమ్ నిండా కొలెస్టరాల్ ఉంటుంది, ఈఆర్‌కి (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, కణం లోపలి పొరల వల) మాత్రం అందదు. కణంలో కొలెస్టరాల్ ఎంతుందో లెక్క చూసుకునేది ఈఆర్ పొరే. దాని లిపిడ్లలో కొలెస్టరాల్ సుమారు 5 శాతం దాటితే 'చాలు' అనుకుని, కొలెస్టరాల్ తయారీ జన్యువులని నడిపే ఎస్‌ఆర్‌ఈబీపీ-2ని ఆపేస్తుంది. ఇక్కడ ఆ గీత దాటదు. కాబట్టి కణం ఇంకా కొత్త కొలెస్టరాల్ తయారుచేస్తుంది, ఇంకా ఎల్‌డీఎల్ రిసెప్టర్లు పెడుతుంది, ఆ సరుకంతా మళ్ళీ మూసుకుపోయిన లైసోసోమ్‌లోకే చేరుతుంది.

దీన్ని కళ్ళారా చూడాలంటే ఫిలిపిన్ రంగు వాడతాం. విడి కొలెస్టరాల్‌కి అతుక్కుని అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరుస్తుంది. ఎస్టర్‌ని పట్టదు. చర్మం నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్ట్ కణాలని ముందు ఎల్‌డీఎల్ వంటి లిపోప్రోటీన్లు తీసేసిన సీరంలో ఆకలిగా ఉంచి, తర్వాత ఎల్‌డీఎల్ ఇచ్చి, పారాఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరిచి రంగు వేస్తారు. కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు మిథనాల్‌తో స్థిరపరచడం, లేదా ట్రైటాన్ అనే డిటర్జెంట్‌తో కణానికి రంధ్రాలు చేయడం. రెండూ మనం చూడాలనుకున్న కొలెస్టరాల్‌నే కడిగేస్తాయి. తర్వాత స్లైడులో ఏమీ లేదని రంగు సీసాని తిడతారు. ఇంకో చిక్కు, కొన్ని ఉత్పరివర్తనాల్లో మెరుపు మధ్యస్థంగానే ఉంటుంది. అందుకే ఇప్పుడు జన్యు పరీక్షకీ, రక్తంలో ఆక్సీస్టెరాల్‌ల (ఆక్సీకరణ చెందిన కొలెస్టరాల్ రూపాల) పరీక్షకీ ప్రాధాన్యం పెరిగింది.

లైసోసోమ్ దాటిన కొలెస్టరాల్‌లో చాలా భాగం ముందు కణత్వచానికి వెళుతుంది, అక్కడినుంచి ఈఆర్‌కి. త్వచం తన అవసరం తీరాక మిగిలిన దాన్ని మోసేవి ఆస్టర్ ప్రోటీన్లు. అవి ఈఆర్‌లో నాటుకుని ఉంటాయి. త్వచంలో పట్టు లేని కొలెస్టరాల్ పెరిగినప్పుడు, రెండు పొరలూ దగ్గరగా ఉన్న చోట చేయి చాచి అందుకుంటాయి. ఈఆర్ నుంచి గాల్జీకి (కణంలో సరుకు సర్ది పంపే చోటు) మోసే ఓఎస్‌బీపీ ప్రోటీన్ పద్ధతి వేరు, అది మారకం బేరం. ఒక కొలెస్టరాల్ ఇచ్చి, పీఐ4పీ అనే లిపిడ్ ఒకటి తెస్తుంది. తెచ్చిన పీఐ4పీని ఈఆర్‌లో శాక్1 ఎంజైమ్ విరిచేస్తుంది కాబట్టి బేరం వెనక్కి తిరగదు. గాల్జీలో మళ్ళీ పీఐ4పీ తయారు చేయడానికి ఏటీపీ, అంటే కణపు శక్తి, ఖర్చవుతుంది. కూలి కట్టేది అక్కడే. అడ్రినల్ కణాల్లో మైటోకాండ్రియా లోపలికి చేర్చేది స్టార్ ప్రోటీన్. అది లేకుండా పుట్టిన బిడ్డలో కొలెస్టరాల్ నుంచి తయారయ్యే కార్టిసాల్, ఆల్డోస్టెరాన్ హార్మోన్లు దెబ్బతిని ఒంట్లోని ఉప్పు బయటికి పోతుంది.

ఇక చికిత్స. మిగ్లుస్టాట్ ఐరోపాలో 2009 నుంచి వాడుకలో ఉంది. 2024 సెప్టెంబరులో అమెరికాలో అరిమోక్లోమాల్, లెవాసెటైల్ల్యూసిన్ అనే రెండు మందులకు అనుమతి వచ్చింది. వీటిలో ఏదీ పోయిన ఎన్‌పీసీ1 స్థానంలో నిలబడి మోసేది కాదు. సైక్లోడెక్స్‌ట్రిన్ అనే చక్కెర ఉంగరం మాత్రం లైసోసోమ్‌లోని కొలెస్టరాల్‌ని కదిలిస్తుంది. ఎలుకల్లో, పిల్లుల్లో జబ్బు నెమ్మదించింది. కానీ అది రక్తం నుంచి మెదడులోకి సరిగా చేరదు, వెన్నెముక ద్రవంలోకి ఎక్కించాలి. పైగా చెవిలోని బయటి రోమకణాలు దెబ్బతిని వినికిడి తగ్గుతుంది.

పక్క గదిలో రెండు స్లైడులు పెట్టాం. ఒకటి మామూలు ఫైబ్రోబ్లాస్ట్‌లు. రెండోదాన్ని యూ18666ఏ అనే రసాయనంలో రాత్రంతా ఉంచాం. అది ఎన్‌పీసీ1ని అడ్డుకుని ఆరోగ్యమైన కణంలోనే జబ్బు రూపు తెప్పిస్తుంది. కేంద్రకం చుట్టూ నీలం చుక్కలు గుంపుగా కనిపిస్తాయి. ఫిలిపిన్ వెలుతురుకి నిమిషాల్లో వెలిసిపోతుంది కాబట్టి ముందు మామూలు కాంతిలో ఫోకస్ సరిచేసుకుని, తర్వాతే షట్టర్ తెరవండి. చూడగానే మూసేయండి, వెనక వరుసలో వాళ్ళకి కూడా మిగలాలి.