బల్ల మధ్యలో ఇనుప పిడి

శ్రోతలకు నమస్కారం.

పార్కుల్లో, బస్టాండుల్లో ఉండే పొడవాటి బల్లలను ఎప్పుడైనా పరిశీలనగా చూశారా? చాలా బల్లల మధ్యలో ఒక ఇనుప పిడి అడ్డంగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు దాన్ని పట్టుకుని లేస్తారు. రాత్రి తలదాచుకోవడానికి చోటు లేని మనిషిని మాత్రం అదే పిడి పడుకోనివ్వదు. ఎందుకు పెట్టారని అడిగితే అధికారులు పెద్దవారి మోకాళ్ల గురించే చెబుతారు. ‘ఇక్కడ నిద్రపోరాదు’ అని బోర్డు పెడితే పత్రికల్లో చర్చ జరుగుతుంది, సభలో ప్రశ్న వస్తుంది. ఇనుప ముక్క బిగిస్తే ఎవరూ ఏమీ అడగరు.

లండన్‌లోని క్యామ్డెన్ స్థానిక మండలి కోసం తయారైన ఒక కాంక్రీటు బల్ల 2012లో వీధుల్లోకి వచ్చింది. దాని పైభాగం ఎటు చూసినా ఏటవాలే. కూర్చోవచ్చు కానీ పడుకోవడం కష్టం. మత్తుమందు పొట్లాలు దాచే వీలు లేకుండా ఎక్కడా సందులు ఉంచలేదు. స్కేట్‌బోర్డు కుర్రాళ్లకు అంచులు పనికిరావు. గోడరాతల రంగు దానికి అంటుకోదు. చేతిసంచి ఎవరూ లాక్కుపోకుండా కాళ్ల వెనుక గుంట కూడా ఉంది. పనితనాన్ని మెచ్చుకోవలసిందే. కానీ ఈ జాబితాను మరోసారి వినండి: ఆ వీధి ఎవరెవరిని చూసి భయపడుతోందో వరుసగా తెలిసిపోతుంది. అలసి కాసేపు నడుం వాల్చాలనుకునే గర్భిణి ఆ లెక్కలో ఉన్నట్టు లేదు.

కాలిబాట అంచు కథ వేరు. రోడ్డు దాటేచోట అంచును పల్లంగా కోసి చిన్న వాలు కట్టడం ఇప్పుడు మామూలే. చక్రాల కుర్చీలో తిరిగేవారు దీనికోసం పోరాడవలసి వచ్చింది. 1970ల తొలినాళ్లలో అమెరికాలోని బర్క్‌లీ నగరంలో వికలాంగ విద్యార్థులు, ఉద్యమకారులు పట్టుబట్టి ఇలాంటి వాలులు కట్టించారు. వికలాంగుల హక్కుల చట్టం 1990లో గానీ రాలేదు. కట్టాక పసిపిల్లల బండి తోసేవారు, చక్రాల పెట్టె లాగేవారు అందరూ ఆ వాలునే వాడుకున్నారు.

అయితే చూపు లేనివారికి ఇదే కొత్త చిక్కు తెచ్చింది. చేతికర్రకు మెట్టు అంచు తగిలితేనే కాలిబాట ముగిసిందని వారికి తెలిసేది. వాలు వచ్చాక తెలియకుండానే రోడ్డు మీదికి నడిచిపోయే ప్రమాదం వచ్చింది. ఇద్దరి అవసరమూ న్యాయమైనదే, అంచు మాత్రం ఒక్కటే. జపాన్‌కు చెందిన సెయిచి మియాకే రూపొందించిన బొడిపెల పలకలు అక్కడి ఒకాయామా నగరంలో 1967లోనే నేల మీదికి వచ్చాయి. వాటిని వాలు చివర పరిస్తే పాదానికీ కర్రకూ తెలుస్తుంది. అయినా తగాదా పూర్తిగా తీరలేదు. ఆ బొడిపెలు చక్రాలను కుదుపుతాయని, కీళ్ల నొప్పులున్నవారిని ఇబ్బంది పెడతాయని వాదన ఉంది. ఆ పలకల మీద నడిచేవారిలో ఎంతమంది ఈ వాదన విని ఉంటారు?

ఇలా చెబుతూ పోతే ప్రతి వస్తువు వెనుకా ఒక కుట్ర కనిపించే ప్రమాదమూ ఉంది. న్యూయార్క్ శివార్లలోని విహార రహదారుల మీద ఒకప్పటి ప్రభుత్వ నిర్మాణాల అధికారి రాబర్ట్ మోసెస్ కట్టించిన వంతెనలు మరీ తక్కువ ఎత్తులో ఉంటాయి. బస్సుల్లో వచ్చే పేదలు, నల్లజాతివారు సముద్రతీరానికి చేరకుండా కావాలనే అలా కట్టారని 1980లో లాంగ్డన్ విన్నర్ అనే పండితుడు రాశారు. ఆ ఉదాహరణ ఊరూవాడా పాకింది. 1999లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త బెర్న్‌వార్డ్ యోర్గెస్ దాన్ని ప్రశ్నించారు. ఆ రహదారుల మీద బస్సులు, లారీలు తిరగకూడదని నిబంధనే ఉన్నప్పుడు వంతెన ఎత్తును అనుమానించడం ఎందుకన్నది ఆ వాదన సారం.

వంతెన విషయంలో యోర్గెస్ మాటకే నేను మొగ్గుతాను. కానీ నాకు ఆ నిబంధన మీదే ఎక్కువ అనుమానం. సొంత కారు లేనివారు సముద్రం చూడాలంటే ఎందులో వెళతారో దాన్ని రాసినవారికి తెలియదా?